ఒక తూము, మూడు కంట్రోలర్లు

“కంప్యూటర్ అబద్ధం చెప్పదు” అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రిటైరై ఇన్నేళ్ళయింది, బీపీకి మాత్ర వేసుకుంటున్నాను, అయినా ఆ మాట చెవిన పడితే చాలు, చేతిలో చాయ్ పక్కన పెట్టి పోట్లాటకు దిగుతాను. ఇంట్లో వాళ్ళు “ఇగ మొదలైంది” అంటూ ఒక్కొక్కరే లేచిపోతారు. మీరు లేచిపోకండి. ప్రోగ్రాములు రాసుకుని బతికే పిల్లలు మీరు. ఒక మనిషి ఉద్యోగం ఒక ప్రోగ్రాములో ఎట్లా ఇరుక్కుందో మీరు వినకపోతే ఇంకెవరు వింటారు?

ఎనభైల చివరి మాట. హనుమకొండలో, కాలువల మీద నీళ్ళు వదిలే పని చూసే ఒక ఆఫీసులో నేను ప్రోగ్రామర్‌ని. ఆఫీసు పేరు చెప్పను, మనుషుల పేర్లు అసలే చెప్పను. మాది డోర్నకల్. నాన్న రైల్వేలో ఫిట్టరు, అమ్మ క్రైస్తవ మిషనరీ బడిలో టీచరు. “ఆడపిల్ల మిషన్లతోని ఏం చేస్తది” అని చుట్టాలు అంటుంటే నాన్న నవ్వి, “నేనేం చేస్తాన్నో గదే చేస్తది” అనేవాడు. ఆ మాట పట్టుకునే ఈ ఉద్యోగంలోకి వచ్చాను.

ఆఫీసుకు కంప్యూటర్ వచ్చిన రోజు చూడాల్సింది. కొబ్బరికాయ కొట్టారు. మానిటర్ నుదుటన కుంకుమబొట్టు పెట్టారు. ఏసీ గది కట్టించి, దుమ్ము లోపలికి పోకూడదని చెప్పులు బయట విప్పాలన్నారు. ఆ నియమం ఎంతదాకా పోయిందంటే, అటెండర్ ఆ గది ముందు నుంచి పోతూ కూడా చెప్పులు విప్పి, దాటాక వేసుకునేవాడు. నేను మొదట నవ్వుకున్నాను. తరువాత్తరువాత నవ్వు పోయింది. దేవుడి దగ్గర ప్రశ్నలు అడగరు కదా, దాని దగ్గరా ఎవరూ ఏమీ అడగడం మానేశారు.

ప్రోగ్రాము నేనే రాశాను. పని తేలికే. ఆఫీసులో మూడు సెక్షన్లు. కాలువలో నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో గేజీ సెక్షన్ చూస్తుంది. ఏ తూము తెరవాలో, ఏది మూయాలో ఆర్డర్ల సెక్షన్ చెబుతుంది. ఏ తూము మరమ్మతులో ఉందో రిపేర్ల సెక్షన్ రాసుకుంటుంది. మూడు సెక్షన్లకూ మూడు తెరలు పెట్టాను. మీట నొక్కితే ఒక తెర పోయి ఇంకోటి వస్తుంది. పొద్దున ప్రోగ్రాము మొదలుపెడితే సాయంత్రం దాకా నడుస్తూనే ఉంటుంది, ఏ సెక్షన్ గుమాస్తా అయినా వచ్చి తన తెర తీసుకుని టైపు చేసుకుని పోతాడు.

తెరలు మూడైనా వాటి వెనక, ప్రోగ్రాము లోపలే ఉండే కంట్రోలర్ అనే భాగం మాత్రం ఒక్కటే. తూము తెరిచి ఉందా, మూసి ఉందా, మరమ్మతులో ఉందా అన్న సంగతి దాని దగ్గరే ఉంటుంది. ప్రోగ్రామును ఇట్లాంటి భాగాలుగా విడదీసి రాసే ఆబ్జెక్ట్ అనే పద్ధతి అప్పుడప్పుడే మా దాకా వచ్చింది, నాకు దాని మీద మహా మోజు. ప్రోగ్రాము మొదలైనప్పుడు కంట్రోలర్ ఒక్కసారి పుడుతుంది. ఆ తరువాత ఏ తెరకు కావాలన్నా ఒక చిన్న ఫంక్షన్‌ను అడగాలి, అది ఉన్న కంట్రోలర్‌నే చేతికిస్తుంది. కొత్తది పుట్టించే హక్కు ఏ తెరకూ లేదు. రిపేర్ల తెర మీద “మరమ్మతు” అని కొడితే, మరుక్షణం ఆర్డర్ల తెర ఆ తూము తెరవడానికి ఒప్పుకోదు. ఇంతే సంగతి. మీకు ఇది మొదటి నెల పాఠం. మాకు అది పెద్ద తగువు.

ఎందుకంటే నన్ను ట్రైనింగ్ అని కొన్ని వారాలు హైదరాబాద్ పంపారు. తిరిగి వచ్చి ప్రోగ్రాము తెరిచి చూద్దును కదా, కంట్రోలర్లు మూడు! ప్రతి తెరా తన కంట్రోలర్‌ను తానే పుట్టించుకుంటోంది. పొద్దున మూడూ ఒకే ఫైలు చదువుకుంటాయి, ఇక రోజంతా ఒకదానితో ఒకదానికి మాటల్లేవు.

నాతో పనిచేసే కుర్రాడు ఒకడున్నాడు, కాజీపేట నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. తెలివైనవాడే, కొత్తగా చేరాడు. అతన్ని పట్టుకున్నాను.

“ఏంది తమ్మీ ఇది? ఎవరు చేసిండ్రు?”

“నేనే అక్కా. పెద్దసారు చేయమన్నడు.”

“చేయమంటె చేస్తవా? ఇది తప్పని నీకు ఎరుకలేదా?”

“ఎరుకే. చెప్పిన కూడ. ‘నీకు చెప్పింది చెయ్’ అన్నడు. నాది ప్రొబేషన్ అక్కా, నేనేం జేయాలె?” అని తల వంచుకున్నాడు. వాడి మీద ఎంతసేపు అరుస్తాను? సరాసరి పెద్దసారు గదికి పోయాను. ఆయనే మా ఆఫీసుకు అధికారి. మంచి మాటకారి, ఎవరు పోయినా చాయ్ తెప్పిస్తాడు.

“సార్, నేను ఒక్క కంట్రోలర్ పెట్టి పోయిన. ఇప్పుడు మూడున్నయి.”

“ఔ. మూడు సెక్షన్లు, మూడు కంట్రోలర్లు. తప్పేముంది?”

“తూము ఒక్కటే గద సార్.”

“కూసో అమ్మా, కూసో. చూడు, ఆర్డర్లాయన రిపేర్లాయన కంటె జూనియర్. జూనియర్ టైపు చేసింది సీనియర్ స్క్రీన్ మీద కనవడుడు, సీనియర్ రాసింది జూనియర్ చూసుడు, ఇదంత ఏం పద్ధతి అని రిపేర్లాయన నా గదిల లొల్లి పెట్టిండు. ఆయన పెట్టంగనె గేజీలాయన గూడ మొదలుపెట్టిండు. ఎవరిది వాళ్ళకిచ్చిన. లొల్లి బందైంది.”

ఎవరి కుర్చీ వాళ్ళకు, ఎవరి అటెండర్ వాళ్ళకు, ఎవరి కూలరు వాళ్ళకు ఉన్నట్టే ఎవరి కంట్రోలర్ వాళ్ళకు ఉండాలట! కూజా నీళ్ళు కూడా సెక్షన్లవారీగా తాగే ఆఫీసు మాది. ఆ రోగం తెచ్చి ప్రోగ్రాములో ఎక్కించారు.

“సార్, మీ ఇంట్ల ముగ్గురు కలిసి వంట చేస్తాండ్రనుకోండ్రి. పప్పుల ఉప్పు పడ్డదా లేదా అన్నది ముగ్గురు మూడు తీర్ల అనుకుంటాంటె ఆ పప్పు తింటరా?”

“మా ఇంట్ల వంట మా ఆమె ఒక్కతే చేస్తది.”

“నేను చెప్పేది గదే సార్. ఒక్కతే.”

ఆయన పగలబడి నవ్వాడు. నా మాట తలకెక్కింది అనుకున్నాను. ఎక్కలేదు. మాట బాగుందని మాత్రం నవ్వాడు.

“సాయంత్రం మూడు కంట్రోలర్లు ఒకే ఫైలు మీద రాస్తాన్నయి సార్. ఒకటి రాసింది ఇంకోటి చెరిపేస్తది. చివరికి ఎవరిది నిలవాలె?”

“సీనియర్‌ది. రిపేర్లాయనది చివరికి రాయమని నేనే చెప్పిన. ఆఖరు మాట పెద్దోనిది ఉండాలె గద.”

“మరి ఆర్డర్లాయన ఆ రోజు ఇచ్చిన ఆర్డర్లు?”

“ఇచ్చినంక అయిపాయె. తూము కాడ ఉండే లస్కర్‌కు ఫోన్ల చెప్తరు, ఆయన తెరుస్తడు. ఇగ దాచుకుని ఏం జేస్తం? ఫికర్ చేయకు. కంప్యూటర్ అబద్ధం చెప్పదు.”

చూశారా, అక్కడ విన్నాను ఆ మాట మొదటిసారి. బుర్ర ఉన్న మనిషి, చదువుకున్న మనిషి. మూడు అబద్ధాలు తానే అందులో పెట్టించి, అది అబద్ధం చెప్పదని నాకే చెప్పాడు. ముగ్గురు సెక్షన్ పెద్దల దగ్గరికీ పోయి బతిమాలాను. ఒకాయన “మీ ఆడవాళ్ళకు అన్నిట్ల అనుమానమే” అన్నాడు. ఇంకొకాయన పేపరు మీంచి తలెత్తలేదు. రిపేర్లాయన మాత్రం మర్యాదగా, “నాది నాకు మంచిగనే ఉన్నది గదమ్మా” అన్నాడు. ఆయనది ఆయనకు మంచిగనే ఉంది, నిజమే. అదే కదా గోల!

ఇక లస్కర్ సంగతి. కాలువ తూము దగ్గర ఉండి, ఆర్డర్ వస్తే షట్టర్ ఎత్తి, ఆర్డర్ వస్తే దించేవాణ్ణి లస్కర్ అంటారు. మా కాలువ మీద కేసముద్రం దిక్కున ఉన్న ఒక తూముకు నలభై దాటిన మనిషి ఒకాయన లస్కర్. తూము పక్కన రేకుల షెడ్డు, అందులో ఒక ఫోను, ఒక నులకమంచం. పెళ్ళికి ముందు నుంచీ రోజుకూలీ మీదే చేస్తున్నాడు. ఆ ఏడు ఎట్టకేలకు ఆయన్ని పర్మనెంట్ చేస్తారని మాట వచ్చింది. ఆఫీసుకు వచ్చినప్పుడల్లా నా దగ్గర ఆగి, “అయితదంటావా మేడం?” అని అడిగేవాడు. “ఎందుకు కాదు, అయితది” అనేదాన్ని. ఆ మాటకే మొహం వెలిగిపోయేది.

ఒక రోజు పొద్దున రిపేర్ల వాళ్ళు పోయి ఆ తూము పక్కగోడకు కొత్తగా కాంక్రీటు పోసి వచ్చారు. వాళ్ళ గుమాస్తా తన తెర మీద “మరమ్మతు, తెరవరాదు” అని కొట్టాడు. అది ఆయన కంట్రోలర్‌కు మాత్రమే తెలిసింది. మధ్యాహ్నం ఆర్డర్ల గుమాస్తా వచ్చి తన తెర తీశాడు. అందులో తూము క్లియర్‌గా ఉంది. కింద పొలాలకు నీళ్ళు కావాలని గోల. తెరవమని కొట్టి, షెడ్డుకు ఫోన్ చేశాడు. లస్కర్ తెరిచాడు. పొద్దు గూకే వేళకు పచ్చి గోడ కొట్టుకుపోయింది. పక్కనున్న మిర్చి తోటలోకి కాలువ మళ్ళింది. తెల్లారి చూస్తే మార్కెట్‌కు పోవాల్సిన పంట బురదలో పడుకుని ఉంది. ఆ తోట రైతు భార్య ఆఫీసు మెట్ల మీద కూర్చుని, “మా నోట్ల మన్ను కొట్టిండ్రు గదరా” అని ఏడుస్తుంటే ఒక్కరూ బయటికి రాలేదు.

లోపల ఏం చేస్తున్నారనుకున్నారు? ప్రింటు తీస్తున్నారు. నిన్న సాయంత్రం చివరికి రాసింది సీనియర్ కంట్రోలర్ కదా, అందులో ఏముందో అదే వచ్చింది. తూము మరమ్మతులో ఉంది, తెరవమన్న ఆర్డర్ ఏదీ లేదు. పెద్దసారు ఆ కాగితం చేతిలో ఊపుతూ వచ్చి, “ఆర్డర్ లేంది తెరిచిండు. సాఫ్‌గ కనవడుతాంది” అన్నాడు. ఆ పూటే లస్కర్‌ను పనిలోంచి తీసేశారు. తాగి తెరిచాడని కూడా ఎవరో పుట్టించారు. చుక్క ముట్టని మనిషి ఆయన!

మర్నాడు ఆయన వచ్చి మా గది బయట నిలబడ్డాడు.

“ఆర్డర్ లేంది నేను ఒక్కనాడన్న తెరిచిన్నా మేడం? ఆ రోజు అడిగిన గూడ. సిమెంటు పచ్చిగున్నది సారూ, నిజంగ తెరువాల్నా అన్న. కంప్యూటర్ల క్లియర్ ఉన్నది, తెరువు అన్నరు. ఇగ నేనేమంటా?”

“ఫోన్ల ఎవరు చెప్పిండ్రు?”

“ఆర్డర్ల సెక్షన్ సారే. అడిగితె నాకు యాదికి లేదంటాండు.”

ఆర్డర్ల గుమాస్తాకు ముగ్గురు ఆడపిల్లలు, గుండె పిరికి. తెర మీద చూసి చెప్పాననుకున్నాడు. మర్నాడు అదే తెర తీస్తే ఆర్డర్ కనబడలేదు. తానే పొరపడ్డానేమో, తన ఉద్యోగం పోతుందేమో అని నోరు కుట్టేసుకున్నాడు. తన కళ్ళను కాదని మిషన్‌ను నమ్మాడు. చెప్పులు విప్పి లోపలికి పోయే అలవాటు ఇంత దూరం తెచ్చింది.

మిర్చి రైతులు గోల చేసేసరికి హైదరాబాద్ నుంచి విచారణకు ఒక అధికారి వచ్చారు. ప్రింటు చూసి సంతకం పెట్టి పోదామని వచ్చినట్టే ఉంది ఆయన వాలకం. నేను అడ్డం పోయాను. “సార్, కాగితం కాదు, ప్రోగ్రాము చూడండి. ఒక్కసారి చూసి తరువాత ఏమన్నా రాసుకోండి” అన్నాను. పెద్దసారు నన్ను కళ్ళురిమి చూశాడు. విచారణాధికారి మాత్రం ఏమనుకున్నారో, “సరే, చూపించండి” అన్నారు.

ఏసీ గది బయట చెప్పులు కుప్ప పడ్డాయి. ముగ్గురు సెక్షన్ పెద్దలు, పెద్దసారు, గుమాస్తాలు, అందరూ లోపల. లస్కర్ తలుపు దగ్గర చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కుర్రాడు మిషన్ ముందు కూర్చున్నాడు. నేను వంగి, “భయమైతె లే తమ్మీ, నేను నొక్కుత” అన్నాను.

“వద్దక్కా. తప్పు రాసింది నేను. నేనే నొక్కుత” అన్నాడు.

వేరే ఒక తూము తీసుకున్నాం. రిపేర్ల తెర మీద “మరమ్మతు” అని కొట్టించాను. ఆర్డర్ల తెరకు మార్చమన్నాను. క్లియర్. తెరవమని ఆర్డర్ కొట్టించాను. తీసుకుంది. గేజీల తెర తీయమన్నాను. అక్కడ ఆ తూము మూసి ఉంది. ఒకే తూముకు ఒకే సమయంలో మూడు మాటలు. తరువాత ప్రోగ్రాము మూయించి మళ్ళీ తెరిపించాను. ఇందాక అందరి కళ్ళ ముందు కొట్టిన ఆర్డర్ జాడ లేదు.

విచారణాధికారి కలం తీశారు. “అర్థమైంది. అంటే, మానవ తప్పిదం అని రాసుకోవచ్చు.”

“ఏ మానవుడు సార్?” అన్నాను.

ఆ మాట అంత గట్టిగా అంటానని నేనూ అనుకోలేదు. “పేరు చెప్పండి సార్. పచ్చి గోడ చూసి, తెరువాల్నా అని అడిగిన మానవుడా? మూడు కంట్రోలర్లు పెట్టుమన్న మానవుడా? ఆఖరు మాట సీనియర్‌ది ఉండాలన్న మానవుడా? ఇక్కడ చాలామంది మానవులున్నరు, ఎవరిమీద రాస్తరు?”

“ఏమ్మా, హద్దుల ఉండు!” అని పెద్దసారు అరిచాడు. అప్పుడు వెనక నుంచి ఆర్డర్ల గుమాస్తా ముందుకు వచ్చాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది.

“ఫోన్ చేసింది నేనే సార్. సిమెంటు పచ్చిగున్నదని ఆయన చెప్పిండు. క్లియర్ ఉన్నది తెరువుమన్న. తెర మీద గట్లనే ఉండె. ఇప్పుడు చూసిండ్రు గద, గట్లనే ఉండె” అని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. తలుపు దగ్గర లస్కర్ ఏడవలేదు. “యాదికొచ్చిందా సారూ” అన్నాడు, అంతే.

గెలిచాం అనుకున్నాను. అప్పటికి నాకు మన ఆఫీసుల సంగతి ఇంకా పూర్తిగా తెలియదు. విచారణ రిపోర్టులో ఏం రాశారో తెలుసా? యంత్ర లోపం! మనుషులెవరిదీ తప్పు లేదు. పెద్దసారు చెప్పిన మాట లేదు, సెక్షన్ పెద్దల పంతాలు లేవు, అంతా మిషన్ చేసింది. లస్కర్‌ను పనిలోకి తీసుకున్నారు, మిషన్‌ను సస్పెండ్ చేశారు. నవ్వకండి, నిజంగానే. ప్లగ్గు పీకి, గుడ్డ కప్పి, గదికి తాళం వేసి తాళంచెవి పెద్దసారు తన దగ్గర పెట్టుకున్నాడు. రెండు కంట్రోలర్లు తీసేస్తే సరిపోతుంది, ఒక్క పూట ఇవ్వండి అని కాళ్ళావేళ్ళా పడ్డాను. “యంత్రం మీద విచారణ నడుస్తాంది, ముట్టొద్దు” అన్నాడు. పైగా విచారణలో పేరుంది కాబట్టి, అది తేలేదాకా లస్కర్ పర్మనెంట్ కూడా ఆపేశారు. మిషన్ ఎప్పుడు నిర్దోషి అయితే అప్పుడట!

మళ్ళీ పనిలో చేరిన రోజు లస్కర్ నా కోసం వచ్చాడు. గది ముందు అలవాటుగా చెప్పులు విప్పాడు. తలుపు అద్దంలోంచి, గుడ్డ కప్పుకుని కూర్చున్న మిషన్‌ను చాలాసేపు చూశాడు.

“ఇది ఏం తప్పు చేసింది మేడం?”

“ఏం చేయలేదు. చెప్పినట్టు చేసింది.”

“నేను గూడ గంతే గద.” నా దిక్కు తిరిగాడు. “నా తరఫున మీరు మాట్లాడిండ్రు. దీని తరఫున ఎవరు మాట్లాడాలె?”

పెద్దసారు గది తలుపు తీసే ఉంది. అడక్కుండానే లోపలికి పోయాను. ఏమన్నానో అన్నీ ఇక్కడ రాయలేను, అచ్చులో బాగుండవు. మిర్చి రైతులందరినీ పిలిచి, ఆ మూడు తెరలూ వాళ్ళ ముందు మళ్ళీ చూపిస్తానన్నది మాత్రం గుర్తుంది. ఆయన ఆ రోజు నాకు చాయ్ తెప్పించలేదు. బయటికి వచ్చేసరికి తాళంచెవి నా చేతిలో ఉంది.

గది తాళం తీసి, లస్కర్‌ను చెప్పులు వేసుకునే లోపలికి రమ్మని, నా పక్కన కుర్చీ వేశాను. కుర్రాడు గుడ్డ తీశాడు. ముగ్గురం చెప్పులతోనే కూర్చున్నాం. రెండు కంట్రోలర్లు తీసేసి, అందరూ ఒక్కదాన్నే అడిగేటట్టు మార్చడానికి సగం పూట కూడా పట్టలేదు. ఆ మనిషిని పర్మనెంట్ చేసే కాగితం మీద సంతకం పడడానికి మాత్రం పెద్దసారు ప్రమోషన్ మీద బదిలీ అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది.